పేరు ముందు టి

రెండు గంటలుగా కంప్యూటర్ పెడుతున్న రొద ఆగింది. శ్రీప్రియ కుర్చీలోంచి ఎగిరి గంతేసింది.

“అయిపోయింది నైనా! నేను రాసిన డేటాబేస్ ప్రోగ్రాం మొత్తం కంపైలై ప్యాకేజీ అయింది. ఇంక ఎవురైనా ఊరికే తీసుకుని వాడుకోవచ్చు.”

పెరంబూరు ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్ళుగా రైలుపెట్టెలు బిగిస్తున్న తండ్రి తిరువేంగడం తెరలోకి తొంగిచూశాడు. “ఈడ చేసినవాళ్ళని నీ పేరుండాదే! ముందర నా ఇనిషియల్ యాడ?”

“మర్చిపోయినా. పెట్టాలంటే మళ్ళీ మొదట్నించీ కంపైల్ చెయ్యాల.”

“అయితే వద్దులే పాపా.”

“నీ రైలుపెట్టెల మీద నీ పేరుంటాదా నైనా?”

“ఎక్కేవాళ్ళకి మా పేరెందుకు?” పకపకా నవ్వాడాయన.

శ్రీప్రియ నవ్వలేదు. తన పేరు ముందు తండ్రి ‘టి’ చేర్చి, కంపైల్ మళ్ళీ మొదలుపెట్టింది.

“ఒక్క అక్షరానికి ఇంకో రెండు గంటలా!”

“ఈ బండి ఎక్కేవాళ్ళకైనా నీ పేరు తెలియాల నైనా.”