ఉత్తచేతి బోణీ

"చెయ్యి తియ్యప్పా! బోణీ కాకముందే బుట్టలో చెయ్యి పెడ్తావేంది?"

హులిగెమ్మ కసిరింది.

ఆదోని పత్తిమిల్లు గేటు ముందర ఆమె ఉడికించిన నత్తలు అమ్ముతుంది. బుట్ట దగ్గర చతికిలబడ్డ మనిషి ఊరికి కొత్త. మాసిన చొక్కా, లోతుకు పోయిన కళ్లు.

"ఒక్కటే అమ్మా. రుచి చూస్తాను," అన్నాడు.

పాపం, ఆకలని చెప్పుకోడానికి సిగ్గుపడుతున్నాడనుకుంది. నోరు పెద్దదే గానీ హులిగెమ్మ మనసు వెన్న. ఒక నత్త తీసి చేతిలో పెట్టింది.

అతను కాస్త కొరికి, పెదవుల మధ్య ఉంచుకుని, కళ్లు మూసుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత మింగి, "ఇప్పుడు అమ్ముకోమ్మా," అని లేచాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

"ఉత్తచేతి బోణీ! దరిద్రం సుట్టుకుంటాది సూడు," అంది పక్కన ఆకుకూరలమ్మే మద్దమ్మ.

"ఆకలిగొన్న కడుపు బోణీ చేస్తే దరిద్రమెట్లయితాది లేక్కా!"

తుంగభద్ర కాలువ వచ్చాక ఎమ్మిగనూరు రోడ్డు పక్క కుంటలో నీళ్లు ఊరాయి. అందులో నత్తపిల్లల్ని వదిలి, తవుడు చల్లి, కన్నబిడ్డల్లా పెంచుకుంది హులిగెమ్మ. మిల్లులో మధ్యాహ్నం గంట కొడితే చాలు, కూలీలంతా బుట్ట చుట్టూ మూగేవాళ్లు. అందరికన్నా ముందు ఆమె మొగుడు వీరన్న. పత్తి బేళ్లు మోసి వచ్చి, మొదటి పిడికిలి నాదే అనేవాడు. ఆ బుట్టే వాళ్ల బతుకు.

"కుంటలో నీళ్లు ఏ రంగున్నాయమ్మా?" అని రోజూ అడిగేవాడు ఆ మనిషి.

"నీళ్లకు రంగేందప్పా? నీకు ఎండదెబ్బ తగిలినట్లుండాది!"

నవ్వుతూ నవ్వుతూనే అతనంటే మమకారం పెంచుకుంది. అతను వచ్చేదాకా బుట్ట మీద గుడ్డ తీసేది కాదు.

ఎండలు ముదిరాయి. ఒకరోజు అతను మరీ నీరసంగా కనిపించాడు.

"ఒక్కటి తింటే కడుపు నిండుతాదా?" అని ఆకులో దోసెడు నత్తలు పెట్టింది. "ఈపొద్దు మొత్తం తినల్ల. లేకుంటే నా మీద ఒట్టు."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. కాదనలేక అన్నీ తిన్నాడు.

కాసేపటికి పెదవులు తడుముకున్నాడు.

"అమ్మా... నీళ్లు ఏ రంగు?"

"రెండు దినాల నుంచి పచ్చగుండాయి. ఏమిటికి?"

గంట మోగింది. వీరన్న పరుగున వచ్చి బుట్టలో చెయ్యి పెట్టబోయాడు.

ఆ మనిషి ఒక్క ఉదుటున లేచి బుట్టను మురుక్కాలువలోకి తన్నాడు. రెండడుగులు తూలి దబ్బున పడ్డాడు. ఏదో చెప్పబోతే నాలుక తిరగలేదు.

"తాగినాడ్రా! సర్కారు సారా మాన్పించినా వీనికి యాడ దొరికిందో!" అన్నారు కూలీలు.

హులిగెమ్మ కడుపు మండిపోయింది.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టినావు గదప్పా! మల్లా నీ మొగం నాకు సూపియ్యాకు!"

ఎవరో అతన్ని జట్కాలో వేసి ఆసుపత్రికి తోలారు.

మర్నాడు మళ్లీ బుట్ట పెట్టుకుని కూర్చుంది. కోపం దిగలేదు. అయినా గుడ్డ తీయలేదు.

"తియ్యవేందే?" అంది మద్దమ్మ.

"ఉండక్కా. బోణీ కాలేదు."

అతను రాలేదు. ఆసుపత్రి కాంపౌండరు గోపాలయ్య రొప్పుకుంటూ వచ్చాడు.

"హులిగెమ్మవు నువ్వేనా? ఈ నత్తలు ఎవరన్నా తిన్నారా?"

"లేదు సామీ. నిన్న కూడా ఆ తాగుబోతు తిననిస్తే గదా!"

"తాగుబోతా! ఆయన మద్రాసులో పెద్ద శాస్త్రవేత్తమ్మా. ఈడి కుంటల నీళ్లు చూడ్డానికి వచ్చినాడు. సముద్రంలో ఆల్చిప్పలకు పట్టే విషం మీద పరిశోధన చేసినాడు. నీళ్లు పచ్చబడితే నీ నత్తలకూ అది పట్టొచ్చని ఆయన అనుమానం. ఎంత ఉడికించినా పోదంట. ఉంటే పెదవి తిమ్మిరెక్కుతాదంట."

హులిగెమ్మ బుట్టను దగ్గరికి లాక్కుంది.

"నాతో ఒక్క మాట సెప్పకూడదా సామీ?"

"నేనూ అదే అడిగినా. 'సంగతి తేలకుండానే విషమంటే, ఇక జన్మలో ఆమె బుట్ట ఎవరూ ముట్టరు' అన్నాడు. నీళ్లు తేటపడినాక మళ్లీ అమ్ముకోమని చెప్పమన్నాడు. గండం గడిచింది. తెల్లారి మద్రాసు మెయిలు ఎక్కించినాం."

మిల్లు గంట మోగింది.

"నా పిడికిలేదే?" అంటూ వీరన్న వచ్చాడు.

హులిగెమ్మ రెండు చేతులతో బుట్ట మూసేసి బావురుమంది.

ఇన్నాళ్లూ ఆకలిగొన్న పరాయి మనిషికి తానే తిండి పెడుతున్నాననుకుంది ఆమె. అతను రోజూ ముందుగా వచ్చి తిన్నది వీరన్న తినాల్సిన మొదటి పిడికిలి.