ఒకే పెట్టె

"మూడు సర్వర్లూ బాగుండాయి సిస్టర్," అన్నాడు శామ్సన్, క్యాన్సర్ క్లినిక్‌లో కంప్యూటర్లు చూసే మనిషి. "ఆ మూడూ వాడుకునే స్టోరేజీ పెట్టే కాలిపోయింది. రిపోర్టులన్నీ అందులోనే."

"ఒకటి పోయినా పని ఆగదనే గదప్పా మూడు పెట్టించినావు?" అంది హెడ్ నర్సు విజయకుమారి. "పోనీ, దినమూ కాపీ తీస్తావు గదా?"

"తీసినాను." అతను తల వంచుకున్నాడు. "జాగా ఉండాదని ఆ పెట్టెలోనే పెట్టినాను."

అంతలో తలుపు తోసుకుని చిక్కమునియప్ప వచ్చాడు. రెండేళ్లుగా అత్తిబెలె నుంచి కీమోకి వస్తున్నాడు. ఎప్పుడూ చంకలో ఉండే రిపోర్టుల సంచీ ఈసారి లేదు.

"అన్నీ కంప్యూటర్లో ఉండాయి, ఇంక మోయొద్దంటివి గదమ్మా," అన్నాడు నవ్వుతూ. "పొద్దున సంచీ మొత్తం నీళ్లపొయ్యిలో వేసేసినాను."