పాత ముఖం

కాకిపిల్ల కాకికి ముద్దంటారు. ప్రణీత ఇంట్లో ఆ సామెత చెల్లలేదు. ఆమె ఎదురుగా ఉంటే తండ్రి సదాశివకు ముద్ద దిగేది కాదు. పళ్లెం పట్టుకుని గోడవైపు తిరిగి తినేవాడు.

ప్రణీత కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి ఉండేది. “దవడొచ్చింది, ఎన్కనే ప్రణీత వస్తది” అని బళ్లో పిల్లలు ఎగతాళి చేసేవారు. ఆ మాటలు దులిపేసుకునేది గానీ, అన్నం దగ్గర తండ్రి వీపు చూస్తే మాత్రం గుండె చెరువయ్యేది. ఒక్కపూట నాయన తన ముఖం చూస్తూ తింటే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకునేది.

అందుకే జహీరాబాద్‌లో పళ్ల డాక్టరమ్మ దవడ ఆపరేషన్ మాట ఎత్తగానే తలూపింది. ఆమెకన్నా ముందు సదాశివే ఒప్పుకున్నాడు.

“పాత మొఖం మళ్ల రాదు గద మేడమ్?”

“ఆపరేషన్ తర్వాత కూడా కొన్నాళ్లు క్లిప్పులు ఉండాలి. మధ్యలో వదిలేస్తే పళ్లు జరుగుతాయి,” అంది డాక్టరమ్మ.

“నేనెందుకు ఇడ్వనిస్త!” అన్నాడు.

ముందుగా క్లిప్పులు వేశారు. పళ్లు వరసకు వచ్చినకొద్దీ దవడ ఇంకా ముందుకు కనబడసాగింది. ఆపరేషన్ దాకా అంతేనంది డాక్టరమ్మ. తమ ఊరు ఝరాసంగం నుంచి ఆసుపత్రికి ఆటోలో వచ్చినంతసేపూ సదాశివ బిడ్డవైపు తిరగకుండా పత్తిచేలు చూస్తూ కూర్చునేవాడు. ప్రణీతకు ఏడుపొచ్చేది.

హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. పై పళ్లకూ కింది పళ్లకూ రబ్బర్లు వేసి నోరు బిగించారు. జావ తప్ప ఏదీ వద్దన్నారు. వాపు దిగాక చూసుకుంటే దవడ లోపలికి పోయింది, దాంతోపాటే బుగ్గలూ పోయాయి. ఆకలికి కళ్లు పెద్దవయ్యాయి. అయినా ప్రణీతకు సంబరంగానే ఉంది.

“ఎంత సక్కగున్నవే!” అంది తల్లి భాగీరథి. “ఇగ మీ నాయన ఎటు తిరుగుతడో చూస్త!”

ఆ మధ్యాహ్నం తల్లి చేనికి పోయింది. మాట పెగలక, జావ కావాలని ప్రణీత నోటివైపు చేయి చూపించింది. సదాశివ ఉన్నచోటే కొయ్యబారిపోయాడు. కాసేపటికి గిన్నె తెచ్చి, ప్రణీతకు ఊహ తెలిశాక మొదటిసారి, ఆమె ఎదురుగా చతికిలబడ్డాడు. నేరుగా ముఖంలోకి చూశాడు.

ఇన్నాళ్లకు! ప్రణీత కళ్లు నిండాయి.

అతను చెంచాతో జావ తీసి ఆమె పెదాలకు అందించాడు.

“దవడ కోయించినా పోకపోతివి గదవ్వా,” అన్నాడు, అచ్చం అలాంటి దవడే ఉండి, ప్రణీత పుట్టకముందే మంచంలో డొక్కలెండి చచ్చిపోయిన తన తల్లిని పిలుస్తూ, “తాగు, ఈసారి నీ నోటికాడి గిన్నె గుంజుకోను.”