వంతెన కంటే ముందు

"కొత్త వంతెన సంగతి ముందు చదవండి టీచరమ్మా. పోయినవాళ్ల పేర్లు చివర్న," అన్నాడు మా ఊరి ప్రెసిడెంటు వెండెలీన్, మైకు సరిచేస్తూ. ఏడాది చివరి రోజున స్లొవాకియాలోని మా పల్లెకంతా ఆ ఏటి విశేషాలు మైకులో చదివేది నేనే.

"ఈసారి తేదీల వరుసలో చదువుతాను."

"ఇదేం కొత్త పద్ధతి?"

"పాత చెక్క వంతెన విరిగి మా ఆయన ఏట్లో పడి చనిపోయింది మార్చిలో. కొత్తది వచ్చింది సెప్టెంబరులో."

అతను టోపీ తీసి బల్లమీద పెట్టాడు. "ఏళ్ల తరబడి తిరిగాను తల్లీ, పైవాళ్ల చుట్టూ. ఒక్కడూ కదల్లేదు."

"నాకు తెలుసు. వినేవాళ్లకీ తెలియాలి."

చదివాను. మార్చి దగ్గర కాగితం వెండెలీన్ ముందుకు జరిపాను. మా ఆయన బ్లాజెయ్ పేరు అతనే పలికాడు. సెప్టెంబరు వచ్చేసరికి కాగితం మళ్లీ నా వైపు తోశాడు.

వంతెన సంగతి నేనే చదివాను. రోజూ బడికి దానిమీదే వెళ్తున్నాను కదా.