పండగలోపు తేలాలి

“హోల్‌బ్రూక్ కాలేజీకి ఎర్లీ దరఖాస్తు పెట్టెయ్యవే, అందరికన్నా ముందు. క్రిస్మస్‌లోపు తేలిపోతుంది,” అంది నోరీన్ మళ్ళీ.

డీలియా చెంచాను ప్లేటులోకి విసిరింది. “అమ్మా, ఎర్లీ అంటే ఏమనుకున్నావ్? సీటిచ్చారంటే నోరు మూసుకుని చేరాలి. ఇంకో కాలేజీ మొహం కూడా చూడకూడదు.”

“హోల్‌బ్రూక్ నీకు నచ్చిందేగా? ఆగస్టులో చూసొచ్చి ఎగిరి గంతేశావు.”

“నచ్చింది. ఒరెగన్‌లోదీ నచ్చింది. రెండూ ఏమంటాయో విన్నాక ఎంచుకుంటా.”

“అయితే ఒరెగన్‌కే ఎర్లీ పెట్టు. నాకేదైనా ఒకటే.”

“వాళ్ళకా పద్ధతే లేదు. ఎవరికైనా మార్చి ఆఖర్నే చెబుతారు.”

“మార్చా!” అంది నోరీన్, ఇంకో పదేళ్ళు ఆగమన్నట్టు. “ఆలస్యం అమృతం విషం అన్నారు.”

“నిదానమే ప్రధానం అని కూడా అన్నారు.”

తండ్రి రస్సెల్ గొంతు సవరించుకున్నాడు. “ఈ ఒక్కసారికి మీ అమ్మ మాట వినవే.”

తల్లీకూతుళ్ళ తగవులో తలదూర్చే మనిషి కాదాయన. ఆయన కూడా అటే చేరేసరికి డీలియాకు ఒళ్ళు మండింది.

సెప్టెంబరు నుంచి నోరీన్‌కు అన్నిటికీ తొందరే. మే నెలలో జరిగే స్కూలు డాన్సుకు డీలియాకు గౌను ఇప్పుడే కొనేసింది. హాలోవీన్ గుమ్మడికాయలు ఇంకా గుమ్మంలో ఉండగానే క్రిస్మస్ చెట్టు నిలబెట్టింది. పండగ ఫొటోల కోసం కాబోలు, తిండి కూడా తగ్గించింది.

ఈ తొందర దేనికో డీలియాకు బాగా తెలుసు. క్రిస్మస్ విందుకు రోజ్‌మేరీ అత్త వస్తుంది. కొడుక్కి పేరున్న కాలేజీలో సీటొచ్చినప్పటి నుంచీ ఆవిడ కాళ్ళు నేల మీద ఆనడం లేదు. కారు అద్దం నిండా ఆ కాలేజీ స్టిక్కర్లే. ఇప్పుడు ఆవిడ నోరు మూయించాలి. అందుకోసం కూతురి నాలుగేళ్ళ చదువు ఏ గంగలో కలిసినా ఫరవాలేదు.

“అత్త ముందు గొప్పలు పోవడానికేగా ఇదంతా?” అని అడిగేసింది.

నోరీన్ ఒక్క క్షణం ఆలోచించింది. “అవునే. గొప్పలకే. తప్పా?”

సిగ్గు కూడా లేదు, అనుకుంది డీలియా. పైకి మాత్రం, సరే పెడతాలే అంది.

మర్నాడు నోరీన్ కళ్ళజోడు పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుని ఎర్లీ ఒప్పందానికి సంతకం చేసింది. ఎర్లీ పెట్టడానికి తల్లి సంతకం కావాలి. మానుకోవడానికి ఎవరిదీ అక్కర్లేదు. డీలియా తిన్నగా స్కూల్లో కాలేజీ సలహాలిచ్చే మిసెస్ పెట్రీ దగ్గరికి వెళ్ళింది. ఎర్లీ వద్దు, అందరితో పాటు మామూలు దరఖాస్తే పంపుతానంది.

“ఇంట్లో ఒప్పుకున్నారా?”

“ఆఁ, ఒప్పుకున్నారు.”

డిసెంబరు మధ్యలో ఎర్లీ జవాబులొచ్చే రోజు రానే వచ్చింది. నోరీన్ పొద్దున్నుంచీ వంటింటి బల్ల దగ్గరే ఉంది. రస్సెల్ కూడా పని ఎగ్గొట్టి పక్కన కూర్చున్నాడు. డీలియా స్కూలు నుంచి వచ్చి, కోటైనా విప్పకుండా, దారి పొడుగునా వల్లెవేసుకున్న మాట అప్పజెప్పింది.

“వాయిదా వేశారమ్మా. చాలామందికి అంతేనట. మార్చి ఆఖర్న చెబుతారు.”

నోరీన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. “ఫోన్ చేసి అడిగితే? వచ్చేటట్టుందో లేదో, ఆ ముక్కైనా చెప్పరా?” అంది.

“అలా అడిగితే అసలుకే మోసం.”

నోరీన్ లేచి, అలమర్లోంచి ఒక సంచీ తెచ్చింది. లోపల నీలం స్వెట్‌షర్టు. రొమ్ము మీద ఇంతంత అక్షరాలతో హోల్‌బ్రూక్ అని ఉంది. ఆలూ లేదు, చూలూ లేదు, చొక్కా మాత్రం సిద్ధం.

“ఒక్కసారి వేసుకోవే. చూస్తా.”

డీలియాకు జాలీ వేసింది, కోపమూ వచ్చింది. కోపమే గెలిచింది. “సీటు రాకుండా వేసుకుంటే నలుగురూ నవ్వుతారు. మార్చిలో వేసుకుంటాలే. అప్పుడు నీ ఇష్టమొచ్చినంతసేపు చూసుకో. అత్తని కూడా పిలిచి చూపించు.”

“సరే. మార్చిలోనే,” అంది నోరీన్.

అబద్ధం అతికినందుకు గుండెలనిండా ఊపిరి పీల్చుకుని, స్నేహితురాలింటికి బయల్దేరింది డీలియా. మెట్లు దిగాక గానీ చేతి తొడుగులు గుర్తు రాలేదు. వెనక్కి వచ్చింది. వంటింటి తలుపు ఓరగా తెరిచే ఉంది. అమ్మ స్వెట్‌షర్టును మడత పెట్టి నాన్న చేతిలో ఉంచుతోంది.

“మార్చిలో నా బదులు నువ్వే చూడు రస్, డాక్టరు నాకు ఫిబ్రవరి దాటదన్నాడుగా.”