రెండు వాటాల దూలం

హెన్నింగ్ వంటింట్లో దూలం గంతులేసింది.

దూలానికి వేలాడే పంది తొడ ఊడి సరిగ్గా అతని నెత్తిన పడింది.

"ఒసేయ్ ఇల్సే, ఎవడో మనింటిని నరుకుతున్నాడే!"

జర్మనీలోని హార్జ్ కొండల్లో అలాంటి కొయ్య ఇల్లు ఇంకోటి లేదు. తాతలు, ముత్తాతలు తలా ఒక అంతస్తు వీధి మీదికి తోసి తోసి కట్టారు. పై కిటికీలోంచి చెయ్యి చాపితే ఎదురింటోడి పళ్ళెంలో సాసేజి అందేది! ఎప్పుడో అన్నదమ్ములు కొట్టుకుని నడిమధ్య తడికె గోడ లేపారు. ఇల్లు రెండు వాటాలైంది గానీ, దూలం మాత్రం అటూ ఇటూ ఒక్కటే.

పక్క వాటా ఏడాదిగా ఖాళీ.

వీధి చివర రొట్టెల బట్టీలో అంటుకున్న మంట ఒక్కో కొంపనీ మింగుతూ ఇటే వస్తోంది. ఇప్పుడా ఈ గొడ్డలి దెబ్బలు?

హెన్నింగ్ కసాయోడు. తలుపు దాకా పోయే ఓపిక లేదు. గోడని ఒక్క తన్ను తన్ని, మట్టీ తడికా చీల్చుకుని అవతల తేలాడు.

ఎవడో బక్కోడు, ఎప్పుడూ చూడని మొహం, నిచ్చెనెక్కి దూలం నరుకుతున్నాడు.

"దిగరా నాయాలా!"

"మంటొచ్చేస్తోందన్నా, తప్పుకో!"

"మంటొస్తే నా ఇల్లు నరుకుతావా?"

"అది కాదన్నా, ఈ దూలం..."

హెన్నింగ్ వాడి కాలు పట్టి లాగి మూతి మీద గుద్దాడు. రాలిన పళ్ళు కిటికీలోంచి ఎగిరి వీధికుక్కకి తగిలితే, అది ఊరు దాటి పారిపోయింది.

బక్కోడు నెత్తురు ఊసి మళ్ళీ నిచ్చెనెక్కాడు.

హెన్నింగ్ వాడి చెయ్యి విరగ్గొట్టాడు. వాడు రెండో చేత్తో నరికాడు.

ఇల్సే తక్కువదా? మరిగే పులుసు తెచ్చి వీపున కుమ్మరించింది. కెవ్వుమన్నాడే గానీ గొడ్డలి వదల్లేదు.

"ఏం మనిషివిరా నువ్వు!"

"ఇంకొక్క దెబ్బే. మీ వాటాలోకి పోండన్నా, పోండి!"

దూలం తెగింది.

అటు స్తంభాలన్నీ ముందే నరికేసున్నాయి. హెన్నింగ్ పెళ్ళాన్ని ఈడ్చుకుని గోడ కంతలోంచి ఇవతలికి దూకాడో లేదో, పక్క వాటా మొత్తం కూలింది.

బక్కోడు కిందే ఉండిపోయాడు.

జనం ఉరికొచ్చి కూలిన కొయ్యల మీద నీళ్ళు కుమ్మరించారు. మంట ఆ ఖాళీ దాకా వచ్చింది. దాటలేక అక్కడే చచ్చింది.

హెన్నింగ్ వాటా నిలబడింది. దాని వెనక సగం వీధి నిలబడింది.

"పిచ్చి నాయాలు, చస్తూ చస్తూ మంచి పనే చేశాడు!" హెన్నింగ్ బీరు కుండ ఎత్తాడు.

ఇంతలో సామాన్ల బండి తోసుకుంటూ ఒకామె వచ్చి, ఆ కొయ్యల కుప్ప ముందు ఆగింది.

"మా ఆయన కనిపించాడా అన్నా? ఇది మేం మొన్ననే కొన్న వాటా. కూలిస్తే గానీ మంట ఆగదు, పక్కింటోళ్ళది పడకుండా దూలం కోసొస్తానని పోయాడు."