చిజురు తోమిన కత్తి

"సోయా సాస్ సీసా మళ్ళీ ఖాళీ. బీపీ ఉన్న మామయ్యగారు అంత ఉప్పుని అలా తాగేస్తే ఎలాగండీ?" చిజురు సీసా బోర్లించి మొగుడికి చూపించింది.

"ఇప్పుడదా ముఖ్యం? నాన్న స్టేషన్ నుంచి హిబినోగారిని తీసుకొచ్చేస్తున్నాడు. ఆయన పరీక్షించాల్సిన కత్తి ఏది?" అన్నాడు తకువా.

"సిద్ధంగా ఉంది. తళతళలాడేలా తోమేశాను."

తకువా టీ కప్పు కింద పెట్టేశాడు. "ఏం తోమావు?"

"మామయ్యగారు పిడి ఊడదీసి ఉంచారు. లోపలి ఇనుమంతా నల్లటి తుప్పు. పీచుతో రుద్దితే అద్దంలా వచ్చింది. మళ్ళీ పిడి తొడిగేశాను."

చిజురు యాయిజు రేవులో చేపలమ్ముకునే ఇంటి పిల్ల. కత్తికి తుప్పు పడితే అక్కడ ఇల్లాలి పరువు పోయినట్టే. తరతరాలుగా కత్తులు చేసే ఈ సెకి ఊరి సంగతి వేరు.

"కొంప ముంచావే! పైన ఎంత మెరిపించినా, పిడిలో దాగే ముక్కని ఎవరూ ముట్టుకోరు. ఆ తుప్పే కత్తి వయసుకి సాక్ష్యం. నాన్న గుండె ఆగిపోతుంది."

జీవితమంతా కూరగాయల కత్తులు చేసిన మామగారు, ఇసాబురో ముసలాయనకి మూడేళ్ళ కిందట అటక మీద నాలుగొందల ఏళ్ళ నాటి ఈ కత్తి దొరికిందట. అప్పటినుంచీ వాళ్ళ ముత్తాతలు యుద్ధాల్లో నరికిన తలల లెక్క పెరుగుతూనే ఉంది. రోజూ పొద్దున్నే తలుపేసుకుని కత్తికి దండం పెడతాడు. ఆ గదిలో ఒకటే వెనిగర్ కంపు. దొంగచాటుగా ఊరగాయ తింటున్నాడని చిజురు అనుమానం. కత్తుల వయసు తేల్చే హిబినోగారు పాతదేనంటే జాతరకి ఆ కత్తిని గుళ్ళో పెడతారు, పక్కనే ఇంటిపేరుతో సహా. ఎదురింటి మొరికావా కళ్ళల్లో నిప్పులు పోసుకోవాలి. ముసలాయన బతుకుతున్నదే అందుకు.

హిబినోగారు వచ్చారు. కత్తికి వంగి నమస్కరించారు. వాదర చూసి తలాడించారు. పిడి ఊడదీసి ఆగిపోయారు.

"ఇసాబురోగారూ, ఇది నిన్న పుట్టిన పిల్లలా ఉంది. తుప్పు లేనిదే నేను వయసు చెప్పలేను."

చిజురు నేలకి తల ఆనించింది. "తప్పు నాదేనండీ. పొద్దున నేనే తోమాను. పాత కత్తే, నా చేతులు పడిపోను."

"నాలుగొందల ఏళ్ళని ఒక్క పూటలో కడిగేశావా తల్లీ," అని నిట్టూర్చి, ముసలాయన భుజం తట్టి హిబినోగారు వెళ్ళిపోయారు. ఆయన్ని సాగనంపడానికి తకువా కూడా వెళ్ళాడు.

ఇసాబురో కత్తిని ఒళ్ళో పెట్టుకుని కూలబడ్డాడు. కళ్ళ వెంట బొటబొటా నీళ్ళు. చిజురుకి ప్రాణం ఉసూరుమంది.

"తిట్టండి మామయ్యగారూ. పుట్టింటికి పొమ్మన్నా పోతాను. మీ ముత్తాతల నాటి తుప్పుని మట్టిపాలు చేశాను."

ముసలాయన వీధి తలుపు వేసి ఉందో లేదో చూసి, ముక్కు చీది, గొంతు తగ్గించాడు.

"మూడేళ్ళు సోయా, వెనిగర్ పోసి పెంచానమ్మా ఆ తుప్పుని."